దారిలోనే ఉన్నాను

జూలై 13, ఆదివారం

నా నోటికి తాళం వేసి ఆ తాళంచెవి ఏట్లో పారెయ్యాలి.

బుధవారం కళ్ళ పరీక్షకి బెలో హొరిజోంచి నగరానికి వెళ్ళి వస్తుంటే బస్సులో పక్కసీట్లో ఒక విదేశీ అమ్మాయి కూర్చుంది. అమ్మాయంటే ముప్పై అయిదేళ్ళు దాటే ఉంటాయి. హాలెండు మనిషి, పేరు మారైకె. మన భాష రెండేళ్ళు నేర్చుకుని వచ్చిందట, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతుంది. మూడు గంటల ప్రయాణం. నా సంచిలో ఉన్న చీజు బన్నులు చెరిసగం తిన్నాం. ఆమె తను దిగాల్సిన ఊళ్ళో దిగిపోతుంటే ఎవరైనా అనే మాటే నేనూ అన్నాను. మా ఊరు పెద్రా మాన్సా వస్తే మా ఇంటికి రా, నీ ఇల్లే అనుకో అని. వీధి పేరు చెప్పలేదు. ఫోన్ నంబరు ఇవ్వలేదు. నిజంగా రమ్మనేవాళ్ళు ఆ రెండూ ఇవ్వకుండా ఉంటారా? మాట వరసకి అన్నదని చంటిపిల్లకైనా తెలుస్తుంది.

ఇవాళ పదకొండింటికి గేటు దగ్గర ఎవరో పిలుస్తూ చప్పట్లు కొట్టారు. నన్ను చేసుకోబోయే వల్దెసీర్ నిన్న భోజనానికి రాలేదు కదా, ఇవాళ వచ్చాడనుకుని జుట్టు సవరించుకుని వెళ్ళాను. మారైకె. వీపున తనంత పొడుగు సంచి. వెనకాల మా వీధివాళ్ళు నలుగురు. బడిలో వంట చేసే మనిషి, ఈమధ్య కళ్ళు చూపించుకుని వచ్చింది అని చౌకులో అడిగిందట, ఊరు ఊరంతా దగ్గరుండి అప్పగించిపోయింది.

"మీరు నన్ను ఆహ్వానించారు. నేను వచ్చాను," అంది.

ఏమంటాను? రామ్మా, ఇంత ఆలస్యం చేశావేం అన్నాను.

ముందుగదిలో పడుకోబెట్టాను. నా పెళ్ళి పెట్టె ఉన్న గది. ఆ పెట్టె కదలదు కాబట్టి మంచమే గోడకి జరిపాను. వల్దెసీర్‌కీ నాకూ ఉంగరాలు మారిన ఏడాది కొన్నది. దుప్పట్లు, బల్లగుడ్డలు, తువ్వాళ్ళు, అన్నిటి మూలలా మా ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు నేనే కుట్టాను. పద్నాలుగేళ్ళలో తాళం రెండుసార్లు తుప్పు పట్టింది.

జూలై 14, సోమవారం

ఎన్నాళ్ళు ఉండొచ్చని ఆమే అడిగింది. నీకు ఇష్టమైనన్నాళ్ళు అన్నాను. ఈ నోరు నాదేనా అసలు.

జూలై 15, మంగళవారం

సంచిలోంచి చిన్న పుస్తకం తీసి "28వ తేదీ వరకు" అని రాసుకుంది. బడి సెలవులన్నీ ఇలా తెల్లారాయన్నమాట.

జూలై 16, బుధవారం

జలపాతం చూస్తానని పొద్దున్నే వెళ్ళింది. చీకటి పడుతుండగా పాలలారీలో దిగింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, ఒక చెప్పు తెగింది, చేతుల్లో మాత్రం పెద్ద చీజు ముద్ద, జామ మిఠాయి పొట్లం.

దారిలో అయిదుగురిని అడిగిందట. అయిదుగురూ గడ్డం ఎత్తి, పెదవి ముందుకు పెట్టి, అదిగో అక్కడే అన్నారట. అలా పదకొండు కిలోమీటర్లు నడిచింది. ఆరోవాడు చెప్పింది వేరే దిక్కు. వాడికసలు దారి తెలియదని తర్వాత తేలింది. ఏడోవాడు లారీ ఆపి, ఎక్కించుకుని, జలపాతం చూపించి, తన ఇంటికి తీసుకెళ్ళి, పెళ్ళాంతో అన్నం పెట్టించి, ఇక్కడ దింపి వెళ్ళాడు. ఇంత అని డబ్బు తీస్తే నొచ్చుకున్నాడట.

"తెలియకపోతే తెలియదని ఎందుకు చెప్పరు?" అని నన్ను నిలదీసింది. ఆ అయిదుగురినీ కన్నది నేనే అయినట్టు.

ఎదురుగా వచ్చి అడిగినవాళ్ళని వట్టి చేతులతో ఎలా పంపుతామమ్మా అన్నాను. ఆమెకి ఎక్కలేదు. నాకూ వినడానికి అంత బాగా లేదు.

జూలై 17, గురువారం

మనదేశానికి వచ్చి వెళ్ళిన విదేశీయులు మన గురించి ఫోనులో రాసుకుంటారట. కాఫీ తాగుతూ నాకు చదివి వినిపించింది. నేనడగలేదు.

ప్రపంచంలో ఇంత మంచి మనుషులు లేరని ఒకడు రాశాడు. ఇంత నమ్మలేని మనుషులు లేరని కిందనే ఇంకొకడు. పుట్టినరోజుకి ఇరవైమందిని పిలిస్తే ఇరవైమందీ వస్తామన్నారట, ఇద్దరొచ్చారట. ఒకావిడ, పరిచయమైన పది నిమిషాలకే కావలించుకున్నారు, పది రోజులకి మొహం గుర్తుపట్టలేదు అని ఏడ్చింది. ఇంకొకడి ఫోను బస్టాండులో ఎవరో కొట్టేస్తే, ముక్కూ మొహం తెలియని ముసలాయన రోజంతా పోలీసు స్టేషనులో పక్కన కూర్చున్నాడట. ఈ దేశాన్ని ముద్దు పెట్టుకోవాలో చెంప మీద కొట్టాలో తెలియట్లేదని రాశాడు.

ఒళ్ళు మండింది. మీ దేశం గురించి మేం ఎక్కడైనా రాశామా అన్నాను. రాస్తే చదువుతానంది.

ఊరుకోలేక నేనే పాఠం మొదలుపెట్టాను. చూడమ్మా, ఎవరినైనా పిలిచినప్పుడు "చూద్దాం" అన్నారనుకో, రారు. "వస్తాను" అన్నారనుకో, రావచ్చు. "తప్పకుండా వస్తాను, ఎప్పుడైనా సరే" అన్నారా, ఇంక ఆశ వదిలేసుకో అన్నాను. ఫోన్ చేస్తే దారిలో ఉన్నానంటే ఇంకా స్నానం చెయ్యలేదని అర్థం. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యట్లేదు, చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు.

ఆమె ఆ మూడు రకాలూ నంబర్లు వేసి రాసుకుంది. తర్వాత తలెత్తి, మరి నిజంగా తప్పకుండా రాదలచినవాళ్ళు ఏమంటారు అని అడిగింది.

పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళాను. పొంగలేదు.

జూలై 18, శుక్రవారం

కొరివితో తల గోక్కున్నాను.

పక్కింటి పెద్దావిడ దోన ఎఫిజేనియాకి ఎనభై ఒకటి. నలభై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం మొక్కజొన్న కేకు చేసి వీధిలో నాలుగిళ్ళకి పంచుతుంది. ఈమధ్య మతి నిలవక వెన్న వేయడం మరిచిపోతోంది. వీధికంతా తెలుసు. రెండు కప్పుల కాఫీతో దిగమింగి, అబ్బ, దీని ముందు ఇంకేదీ నిలవదు అంటాం.

ఇవాళ కేకు పట్టుకొచ్చి విదేశీ పిల్ల ముందు కూర్చుని, ఎలా ఉంది తల్లీ అని అడిగింది.

మారైకె నమిలింది. ఆలోచించింది. "రుచి బాగుంది. కానీ ఎండిపోయింది. వెన్న వేయడం మరిచిపోయారు," అంది.

దోన ఎఫిజేనియా పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ మా గేటు వేసి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ గడియ కూడా పెట్టింది.

ఎందుకలా అన్నావని మారైకెని అడిగాను. ఆవిడ అడిగింది కదా అంది. నాలుగిళ్ళవాళ్ళు ఇన్నాళ్ళు అబద్ధం చెప్పబట్టే కదా ఆవిడకి వెన్న సంగతి తెలియలేదు అంది. తలప్రాణం తోకకొచ్చింది. సాయంత్రం గోడ పక్కన నిలబడి రెండుసార్లు పిలిచాను. లోపల దీపం ఉంది, పలకలేదు.

జూలై 19, శనివారం

వల్దెసీర్ భోజనానికి వచ్చాడు. ఒంటిగంటకన్నాడు, మూడింటికి వచ్చాడు. పాపం తీరిక ఎక్కడిది. ఈ చుట్టుపక్కల ఏ ఇంటికి స్లాబు వెయ్యాలన్నా ఆ మేస్త్రీయే కావాలి. తన ఇంటికి మాత్రం గోడలు లేచి ఆరేళ్ళయినా పైకప్పు పడలేదు. పైకప్పు పడగానే పెళ్ళి.

మారైకెకి నచ్చాడు. వల్దెసీర్ ఎవరికి నచ్చడు. ఆమె తెగిన చెప్పు చూసి అక్కడికక్కడే తీగతో కుట్టి ఇచ్చాడు. హాలెండులో ఆవులు ఎంత పాలిస్తాయో అడిగి, మన ఆవులకి సిగ్గెక్కువని నవ్వించాడు. నేను కోడిమాంసం, బీన్సు, ఆకుకూర పెట్టాను. అంతా సవ్యంగానే జరుగుతోంది.

ఆమె నా వేలు చూసింది. అతని వేలు చూసింది. "మీ పెళ్ళి ఏ తేదీన?" అంది.

తేదీ. పద్నాలుగేళ్ళలో ఎవరూ ఆ మాట వాడలేదు. ఎప్పుడు పప్పన్నం పెడతారే అని వీధివాళ్ళు అంటారు, ఇదిగో ఈ ఏడే అని మేమంటాం, అందరం నవ్వుతాం. అది అడగడం కాదు, పలకరింపు.

వల్దెసీర్ కూడా నవ్వి, త్వరలోనే అన్నాడు. ఆమె పుస్తకం తీసి కలం పట్టుకుని కూర్చుంది. త్వరలో అంటే ఏ నెల? పైకప్పుకి ఎన్ని రోజుల పని? మీరే మేస్త్రీ కదా? పెళ్ళికి ముందు రిజిస్ట్రారు ఆఫీసులో కాగితాలివ్వడానికి పైకప్పు దేనికి? మా పినతండ్రి కూతురు నీల్వా ఆ ఆఫీసులోనే పనిచేస్తుందని నేనే చెప్పాను మొన్న. ఏమేం కాగితాలు కావాలో ఈమె ఆ నీల్వానే అడిగి తెలుసుకుందట.

భూమి బద్దలై అందులోకి పోతే బాగుండుననిపించింది. అయినా, ఎందుకో, నేను ఆపలేదు. గిన్నెలో చెంచా తిప్పుతూ కూర్చున్నాను.

"వచ్చే శనివారం పదింటికి. జనన ధ్రువపత్రాలు తీసుకుని మీరిద్దరూ రావాలి. వస్తారా?" అంది అతన్ని.

"తప్పకుండా," అన్నాడు వల్దెసీర్. "పదింటికి. రాకుండా ఎలా ఉంటాను."

అతను అన్నది వేరు. అందరి 'తప్పకుండా' ఒకటి కాదు.

జూలై 20, ఆదివారం

నీలం గౌను ఉతికాను. ఎలాగూ ఉతకాల్సిందే, మాసి ఉంది.

జూలై 22, మంగళవారం

మారైకెకి నిన్నటి నుంచి జ్వరం, వాంతులు. ఏటి నీళ్ళు తాగిందట. ఏటిపక్క ఇంటావిడ, భలే తియ్యటి నీళ్ళు తాగమ్మా అందట. అన్నవాళ్ళకేం.

రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. ఉన్న దుప్పట్లన్నీ తడిసిపోయాయి. చలికాలం కదా, ఆరలేదు. ఇవాళ పొద్దున్న పెట్టె తెరిచి మా కుట్టు దుప్పట్లు తీశాను. మడతల దగ్గర పసుపు చారలు పడ్డాయి. పరుస్తుంటే మూలన కుట్టిన అక్షరాలు వేలితో తడిమి, ఇవి నేను వాడకూడదు అంది. నోరు మూసుకుని పడుకో అన్నాను. ఆమెకి ఇదొక్కటీ బాగా అర్థమైంది.

మధ్యాహ్నానికి వీధి వీధంతా ఇక్కడే. ఒకరు జామాకు కషాయం, ఒకరు కొబ్బరినీళ్ళు, పాలలారీ మనిషి పెళ్ళాం అంత దూరం నుంచి కోడి పులుసు. నాలుగింటికి గేటు గడియ తీసిన చప్పుడు. దోన ఎఫిజేనియా. చేతిలో గంజి గిన్నె. నాతో ఒక్క మాట లేదు. తిన్నగా లోపలికి వెళ్ళి, మంచం మీద కూర్చుని, ఉప్పు సరిపోయిందో లేదో అడగను, తాగు అంది. చెంచాతో తనే తాగించింది.

మారైకె ఏడ్చింది. తను ఉండే భవనంలో తన తల పైన అంతస్తులో మనిషి అడుగులు పదకొండేళ్ళుగా వింటోందట. పేరు తెలియదట. పోయి అడగవచ్చుగా అన్నాను. అడిగితే, ఎందుకు అంటారు అంది. మరి అక్కడందరూ నిజాలే చెప్పుకుంటారు కాబోలు.

జూలై 23, బుధవారం

వల్దెసీర్‌కి ఆమె సంగతి చెప్పాను. వచ్చి చూస్తానన్నాడు, దారిలోనే ఉన్నాడు. రాలేదు. పని ఒత్తిడి.

జూలై 25, శుక్రవారం

నా ధ్రువపత్రం నీల్వా తెచ్చి ఇచ్చింది. కొత్తది, ముద్ర తడి కూడా ఆరలేదు. కవరులో పెట్టాను. కవరు సంచిలో పెట్టాను. సంచి తలుపు కొక్కేనికి తగిలించాను. నేనేమీ ఎదురుచూడట్లేదు.

జూలై 26, శనివారం

రాసేసి పడుకుంటే మంచిది. ఇంకా వెలుతురుంది, రాసేస్తాను.

తొమ్మిదిన్నరకే వెళ్ళాం. మారైకె కొంచెం నీరసంగా ఉన్నా వస్తానంది. ఆఫీసులో బల్ల మీద నేను, పక్కన ఆమె, అద్దం వెనక నీల్వా. నీలం గౌను భుజాల దగ్గర బిగుతైంది. అది కుట్టించుకున్నప్పుడు నాకు ముప్పై రెండు.

పది దాటి పది నిమిషాలకి ఫోన్ చేశాను. "దారిలోనే ఉన్నాను జెనీ," అన్నాడు. వెనక పిట్ట పాడుతోంది. అది అతను ఇప్పుడుండే ఇంటి వరండా పంజరంలో పిట్ట. దాని పాట నాకు తెలియకపోవడమేమిటి, దానికి బొప్పాయి ముక్కలు పెట్టేది నేనే. ఫోను సంచిలో పెట్టి, దారిలో ఉన్నాడట అని ఇద్దరికీ చెప్పాను. నీల్వా తలవంచుకుని కాగితాలు సర్దింది.

పదకొండింటికి మళ్ళీ చేశాను. వచ్చేశా, మలుపు దగ్గరున్నా అన్నాడు. పిట్ట ఇంకా పాడుతూనే ఉంది. ఎంత బాగా పాడిందో.

మారైకె నోరు విప్పలేదు. గడియారం కూడా చూడలేదు. అన్నీ మొహం మీదే అనే మనిషి, ఇవాళ నా కోసం నోరు మూసుకుని కూర్చుంది. అది చూశాకే నాకు కోపమొచ్చింది. పన్నెండింటికి నీల్వా లేచి, అక్కా, మూసేయాలి అంది. నెమ్మదిగా అంది.

నాలుగింటికి ఇంటికి వచ్చాడు వల్దెసీర్. చేతిలో బతికున్న నాటుకోడి, కాళ్ళు కట్టి. ఎవరిదో స్లాబు, సిమెంటు కలిపేశాక మధ్యలో ఆపలేం కదా అన్నాడు. సిమెంటు దగ్గర పిట్ట ఎందుకు పాడిందని నేనడగలేదు. పద్నాలుగేళ్ళుగా నేనేదీ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాలి, చెబితే వినాలి. అతనికి మొహమాటం, నాకు భయం. ఇద్దరం కలిసి ఇన్నేళ్ళు ఆ పైకప్పు మీద నెపం పెట్టాం. అతనొక్కడే అబద్ధమాడాడని రాస్తే ఇక్కడ కూడా అబద్ధం రాసినట్టే.

"వచ్చే శనివారం, జెనీ," అన్నాడు. "పదింటికి. ఈసారి నేనే ముందుంటాను, చూడు."

నేను నవ్వాను. కష్టపడి నవ్వలేదు, దానంతట అదే వచ్చింది.

"తప్పకుండా వస్తాను," అన్నాను. "ఎప్పుడైనా సరే."

మారైకె ఒక్క ఉదుటున లేచి చప్పట్లు కొట్టింది. అతన్ని కావలించుకుంది, నన్ను కావలించుకుంది. వల్దెసీర్ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం నా వంకే ఉన్నాయి. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, వాడికి విడమరిచి చెప్పాలా.

"పదింటికి వస్తావుగా?" అన్నాడు.

"రాకుండా ఎలా ఉంటాను."

"నేనే వచ్చి తీసుకెళ్ళనా?"

"నీకెందుకు శ్రమ. నువ్వక్కడే ఉండు, నేను వచ్చేస్తాను."

కోడిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. కాఫీ పెట్టనా అంటే, వద్దన్నాడు. వల్దెసీర్ నోట వద్దు అనే మాట నేను వినడం ఇదే మొదటిసారి.

జూలై 28, సోమవారం

మారైకె వెళ్ళిపోయింది. ఇరవై ఎనిమిది అంది, ఇరవై ఎనిమిదినే వెళ్ళింది.

పొద్దున్న దోన ఎఫిజేనియా దారికి తినమని కేకు తెచ్చింది. ఇప్పుడే ఒక ముక్క తినమంది. మారైకె నమిలింది. నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను.

"ఇలాంటి కేకు మా దేశంలో ఎక్కడా దొరకదు," అంది మారైకె. ఇంకో ముక్క కూడా తీసుకుంది. ముసలావిడ మొహం చాటంతయింది. తీరా మారైకె సంచి సర్దుకుంటుంటే ఆవిడ నా చెవిలో, ఈసారి వెన్న రెట్టింపు వేశానే అంది. నేనూ తిని చూశాను. వేసింది. మెత్తగా ఉంది. నలభై ఏళ్ళ క్రితం ఎలా ఉండేదో అలా ఉంది.

బస్టాండులో మారైకె నన్ను కావలించుకుని వదలలేదు. వచ్చిన కొత్తలో కర్రలా నిలబడేది. బస్సు కదిలేముందు మళ్ళీ ఆ పుస్తకం తీసింది. ఏదో పేజీ తిప్పి చూసింది. గొంతు తగ్గించి, "శనివారం మీరు అన్నది మూడో రకమా?" అని అడిగింది.

నేను ఆమె సంచి పట్టీ సరిచేశాను. మా ఇంటికి మళ్ళీ రా అన్నాను. గుమ్మం ఎదురుగా నీలం గేటు, మేరీమాత వీధి, నలభై మూడో నంబరు అని చెప్పాను. ఫోన్ నంబరు కూడా ఇచ్చాను. అన్నీ రాసుకుంది. రాసుకుంటూ ఏడ్చింది, పిచ్చిది.

ఇంటికొస్తే ఎంత ఖాళీగా ఉందో. పదిహేను రోజులు తిట్టుకున్న మనిషి కోసం ఏడవడమేమిటి. ఏడ్చాను.

జూలై 30, బుధవారం

వల్దెసీర్ నిన్నా వచ్చాడు, ఇవాళా వచ్చాడు. చెప్పిన టైముకే. శనివారం గుర్తుంది కదా అంటాడు. అయ్యో, మరిచిపోతానా అంటాను. గడ్డం గీసుకున్నాడు. కింద తెగింది, దూది అంటించుకున్నాడు.

జూలై 31, గురువారం

ఫోనులో ఫొటో పంపాడు. గోడల మీద దూలాలు, వాటి మీద సగం దాకా పెంకులు. ఆరేళ్ళ పని మూడు రోజుల్లో.

చాలాసేపు ఆ ఫొటో చూశాను. ఇంతేనా అనిపించింది. మూడు రోజుల పనికోసమా నేను నలభై ఆరేళ్ళదాన్నయింది? అందమైన ఇల్లు, చూస్తే ఏడుపొచ్చింది. చాలా బాగుంది అని పంపాను.

పెట్టె ఖాళీ చేశాను. తువ్వాళ్ళు వాడకానికి తీశాను. కుట్టు దుప్పటి ఒకటి నా మంచం మీదే పరుచుకున్నాను. మంచి గుడ్డ, ఇన్నాళ్ళూ ఊరికే పసుపెక్కింది.

ఆగస్టు 2, శనివారం

తొమ్మిదింపావుకి నీల్వా ఫోన్ చేసింది. అతను అప్పటికే అక్కడున్నాడట. నల్ల కోటు, టై. ఎవరి దగ్గరో అడిగి తెచ్చినట్టున్నాడు, కోటు చేతులు పొట్టిగా ఉన్నాయంది. కాగితాలు కవరులో పెట్టుకుని బల్ల మీద నిటారుగా కూర్చున్నాడట. నేను కూర్చున్న బల్లే.

సోమవారం బడి తెరుస్తారు. పిల్లలకి చీజు బన్నులు చేసి తీసుకెళ్దామని కర్రపెండలం పిండి కలుపుతున్నాను. పాలు మరిగించి పోసి, చల్లారాక గుడ్లు, చీజు. చేతులు మోచేతుల దాకా పిండి.

పదింటికి మళ్ళీ నీల్వా. నువ్వు ఇంట్లోంచి బయల్దేరావా అని అడుగుతున్నాడట. చెమటలు పట్టాయి అక్కా, నీళ్ళిచ్చాను అంది. జాలేసింది. అబద్ధమెందుకు, బాగానే వేసింది. చేతులు కడుక్కుని నీలం గౌను వైపు ఒకసారి చూశాను కూడా. మళ్ళీ పిండిలో చేతులు పెట్టాను.

పదీ నలభైకి మళ్ళీ. ఈసారి నీల్వా గుసగుసగా మాట్లాడింది. "పక్కనే నిలబడి ఉన్నాడు అక్కా. ఏం చెప్పమంటావు?"

"దారిలోనే ఉన్నానని చెప్పు," అన్నాను.

"వెనకాల నీ రేడియో మోగుతోంది. ఆయనకి వినిపిస్తుంది."

రేడియో ఇంకొంచెం పెంచి, బన్నులు ఓవెన్‌లో పెట్టాను.